గుండీల డబ్బా

మా కొట్లో బల్ల నాది, మిషను మా ఆవిడది. నేను కత్తిరిస్తాను, ఆమె కుడుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే ఏర్పాటు. బల్ల వీధి వైపు ఉంటుంది, మిషను గోడ వైపు ఉంటుంది. వచ్చినవాళ్ళు నాతో మాట్లాడతారు. నేను ఆమెతో మాట్లాడతాను.

మా ఆవిడకు చెవులు ఒక్కసారి పోలేదు. మొదట పక్క వీధి బడిగంట వినపడడం మానేసింది. తర్వాత తలుపు చప్పుడు. ఆ తర్వాత నా గొంతు. నా గొంతు అసలే చిన్నది. పదిహేనేళ్ళ కిందట రెండు చెవులకీ మిషన్లు పెట్టారు. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే ఫర్వాలేదు. కుట్టు మిషను తిరుగుతూ, వీధిలో బళ్ళు పోతూ ఉంటే మాత్రం అన్ని చప్పుళ్ళూ కలిసి పీలికల మూటలా వచ్చి పడతాయని, అందులో ఏ గుడ్డ ఏదో తెలీదని చెప్పేది.

అందుకని మాకొక పద్ధతి ఏర్పడింది. ఎవరైనా ఏదైనా చెప్తే నేను చెక్క స్కేలుతో బల్ల మీద రెండు దెబ్బలు వేస్తాను. ఆ చప్పుడు ఆమెకు వినపడదు. కొట్టు నేల చెక్క పలకలది, బల్ల కాళ్ళు అదిరితే ఆమె పాదానికి తెలుస్తుంది. తల ఎత్తి నా నోటికేసి చూస్తుంది. నేను మూడు ముక్కల్లో చెప్తాను. నడుము వదులు చెయ్యాలి. గురువారానికి కావాలి. ఆమె "ఇంకేమన్నారు?" అంటుంది. నేను "అంతే" అంటాను. మళ్ళీ తల దించుకుంటుంది.

వాళ్ళు ఇంకా చాలానే అని ఉంటారు. వాళ్ళ అల్లుడి సంగతో, మోకాళ్ళ నొప్పో. నాకు అవసరం లేనివి ఆమెకు మాత్రం ఎందుకని వదిలేసేవాణ్ణి. కత్తిరించేవాడికి అదే అలవాటు.

అలా రోజుకి ముప్పై నలభై సార్లు ఆమె నా మొహం చూసేది. పెళ్ళైన కొత్తలో కూడా అన్నిసార్లు చూసి ఉండదు. ఆ లెక్క నాకు అప్పట్లో తెలీదు. ఆగిపోయాక తెలిసింది.

కిందటేడు మా అమ్మాయి మమ్మల్నిద్దర్నీ చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరమ్మ ఆమె చెవులు చూసి, పనిలో పని మీవి కూడా చూస్తాను, కూర్చోండి అంది. నాకేం అక్కర్లేదని బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాను. వాళ్ళు లోపలినుంచి వచ్చేటప్పటికి మా ఆవిడ చేతిలో చిన్న పెట్టె ఉంది. పెట్టెలో ఒక మైకు. ఓవర్‌కోటు గుండీ అంత ఉంటుంది, గుండ్రంగా, వెనక క్లిప్పు. దాన్ని ఎవరి కాలరుకి పెడితే వాళ్ళ మాట గాల్లో తిరక్కుండా నేరుగా ఆమె చెవి మిషన్లలోకి పోతుంది. కుట్టు మిషను మోగినా, వీధిలో లారీ పోయినా ఫర్వాలేదు.

కొట్టుకొచ్చాక మా అమ్మాయి దాని సంగతులన్నీ విడమరిచి చెప్పింది. ఏది నొక్కాలి, ఎంతసేపు నొక్కాలి, దీపం ఏ రంగుంటే ఏమిటి. నేను అప్పుడొక ప్యాంటు కాలు గీస్తున్నాను. సగం విన్నాను.

"నాన్నా, నీతోనే మొదలు," అని దాన్ని నా కాలరుకి తగిలించింది. "అమ్మతో ఏదైనా మాట్లాడు."

"ఏం మాట్లాడను?" అన్నాను.

"వినపడింది," అంది మా ఆవిడ. మొహమంతా వెలిగిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఇంకా ఏదో చెప్తానని చూస్తూ కూర్చుంది. నాకేమీ తోచలేదు. గుడ్డ తీసుకుని కత్తిరించడం మొదలుపెట్టాను. కాసేపు చూసి, "కత్తెర ఎంత మెత్తగా నడుస్తుందో," అంది. ఇంకాసేపటికి లేచి వచ్చి, నా కాలరు మీది మైకు తీసి బల్ల మీద పెట్టింది, వచ్చేపోయేవాళ్ళ మాటలు వినడానికి.

ఆ రోజు నుంచి స్కేలుతో పని లేకుండా పోయింది. ఎవరో వచ్చి చేతులు పొడుగయ్యాయంటారు. నేను స్కేలు అందుకునేలోపే ఆమె తల దించుకునే, "ఎంత పొడుగు?" అని అడిగేస్తుంది. ఇంటి సంగతులు మొదలుపెడితే వాళ్ళతో తనూ మొదలుపెడుతుంది. నేను వాళ్ళిద్దరి మధ్యా గజం బద్దలా నిలబడి ఉంటాను. ఒక రోజంతా లెక్కపెట్టాను. నాకేసి రెండుసార్లు చూసింది. ఒకసారి సుద్దముక్క అడగడానికి, ఒకసారి తాళంచెవి అడగడానికి.

దీనికి తోడు వాచీలాయన.

వాచీలాయన కొట్టు మా పక్కదే, మధ్యన ఒక్క గోడ. ఇంట్లో భార్య తనని మాట్లాడనివ్వదని, ఆ బాకీ మా కొట్లో తీర్చుకుంటాడు. పన్నెండేళ్ళుగా రోజూ పదకొండు గంటలకి మూడు టీలు పట్టుకుని వస్తాడు. నన్ను అన్నయ్యా అంటాడు, ఆమెను వదినా అంటాడు. నేను పలకకపోయినా ఆయనకేం అభ్యంతరం ఉండదు, గడియారానికి ఎవరు జవాబు చెప్తారు కనక? అరగంట వాగి పోతాడు. ఆయన పోయాక ఆమె ఏమన్నాడని అడిగితే, వానొస్తుందట అని చెప్పేవాణ్ణి.

ఇప్పుడు ఆయన గుమ్మంలోకి రాగానే ఆమె మిషను ఆపి లేస్తుంది. మైకు తీసుకెళ్ళి తన చేత్తోనే ఆయన కాలరుకి తగిలిస్తుంది. తగిలించి ఊరుకోదు, కాలరు మడత పడి ఉంటే సరిచేస్తుంది. నా కాలరు ఎప్పుడు సరిచేసిందో గుర్తు తెచ్చుకుందామని చూశాను. నా చొక్కాలకి కాలరు కుట్టింది ఆమే. కుట్టేటప్పుడు సరిచేసే ఉంటుంది. ఆ చొక్కాలో నేను లేను.

ఆయన ఎవరిదో చేతి వాచీ తెరిస్తే లోపల చీమ ఉందని చెప్తాడు. ఆమె నవ్వుతుంది. గోడ గడియారం బాగుచేయమని తెచ్చినావిడ, ఆగిపోయింది గడియారం కాదు, మా ఆయన అని చెప్పిందంటాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటుంది. ఆ నవ్వు నేను పదేళ్ళుగా వినలేదు. వినడం నాకు ఇష్టమే. దాన్ని ఆయన చేతిలో చూడడమే కష్టంగా ఉండేది.

ఒకరోజు ఆయన పోయాక నన్నడిగింది. "ఆయన ఇన్నాళ్ళూ ఇంత మాట్లాడేవాడా?"

"వాగుడు," అన్నాను.

"మీరు నాకు వానొస్తుందని చెప్పారు."

నేను టేపు చుట్టుకున్నాను.

ఇవన్నీ ఎలాగో దిగమింగుకునేవాణ్ణే. మంగళవారం నాటి సంగతి మాత్రం గొంతు దిగలేదు.

ఆ వేళ వాచీలాయన టీ తాగి వెళ్ళిపోయాడు. నేను కోటు లైనింగు పరిచి గీస్తున్నాను. కొట్లో ఎవరూ లేరు. తల ఎత్తి చూస్తే ఆమె కుడుతూ తనలో తను నవ్వుకుంటోంది. ఏదో గుర్తొచ్చి ఉంటుందిలే అనుకున్నాను. కాసేపటికి మళ్ళీ చూశాను. మిషను తొక్కే పాదం మామూలుగా పోవడం లేదు. రెండు చిన్న తొక్కుళ్ళు, ఒక పెద్ద తొక్కుడు, మళ్ళీ రెండు చిన్నవి. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ పాదాన్ని చూస్తున్నాను, అలా తొక్కడం ఎన్నడూ లేదు. బల్ల మీద మైకు కోసం చూశాను. లేదు. అప్పుడు లేచి గుమ్మంలోకి వెళ్ళి పక్క కొట్లోకి తొంగిచూశాను. వాచీలాయన కంటికి భూతద్దం పెట్టుకుని పని చేసుకుంటూ పాట పాడుకుంటున్నాడు. కాలరు మీద మా మైకు. మర్చిపోయి పెట్టుకుపోయాడు. తను పాడేది ఇంకొకరు వింటున్నారని ఆయనకు తెలీదు.

ఆమెకు తెలుసు. తెలిసి చెప్పలేదు.

వెనక్కి వచ్చి నిలబడ్డాను. నాకు వినపడని పాటకి నా పెళ్ళాం పాదం తాళం వేస్తోంది. మధ్యన ఇటుక గోడ ఉంది, నేనున్నాను, ఇద్దరం ఒక్కలాగే ఉన్నాం. ఒళ్ళంతా కారం రాసినట్టయింది. వెళ్ళి ఆయన కాలరు మీంచి మైకు లాక్కొచ్చాను. అయ్యో అన్నయ్యా, మర్చిపోయాను అన్నాడు. మర్చిపోయిన మాట నిజమే. అదే ఇంకా మండింది. ఆయన అడక్కుండానే ఆయనకు దొరుకుతోంది. నా చేతిలో మైకు చూసి ఆమె పాదం మామూలైపోయింది.

మర్నాడు పొద్దున మామూలుగానే కొట్టు తీశాం. ఆమె మైకు తెచ్చి బల్ల మీద పెట్టి, బిందె తీసుకుని పెరటి కుళాయికి వెళ్ళింది. మైకు మీద ఎర్రదీపం వెలుగుతోంది. దాన్ని చేతిలోకి తీసుకుని పైనున్న మీట ఒకసారి నొక్కాను. ఎర్రదీపం ఆరిపోయింది. మా ఇస్త్రీపెట్టె ప్లగ్గు దగ్గర ఉండే దీపమూ అంతే. ఎర్రగా వెలిగితే కరెంటున్నట్టు, ఆరితే లేనట్టు. దాని పని అయిపోయిందనుకున్నాను. బల్ల మూల గుండీల డబ్బా ఉంటుంది, ప్లాస్టిక్‌ది, మూత పగిలింది. మైకు అందులో వేసి, పైకి కనపడకుండా గుండీలు కలిపి, పగిలిన మూత పెట్టాను.

ఆమె బిందెతో వచ్చింది. బల్లకేసి చూసింది.

"ఇక్కడ మైకు పెట్టాను, చూశారా?"

తల అడ్డంగా ఊపాను. ఆమె కదలకుండా నా మొహంకేసి చాలాసేపు చూసింది. ఎన్ని రోజులైందో అలా చూసి. వెళ్ళి మిషను ముందు కూర్చుంది. వెతకలేదు కూడా. ఇదే మంచిది అనుకున్నాను.

ఆ పూటంతా నా పాత రోజులు నాకు తిరిగొచ్చాయి. తన పిల్లల బడి యూనిఫాం కుట్టించుకునే ఆవిడ వచ్చింది. స్కేలుతో రెండు దెబ్బలు వేశాను. ఆమె తల ఎత్తి నా నోటికేసి చూసింది. జేబులు పెద్దవి కావాలట అన్నాను. ఇంకేమన్నారు అంది. అంతే అన్నాను. ప్యాంటు పొట్టి చేయించుకునే ఆయన వచ్చాడు. మళ్ళీ రెండు దెబ్బలు. మళ్ళీ చూసింది. అవసరం లేకపోయినా రెండుసార్లు బల్ల కొట్టాను. దారం ఉందా అని ఒకసారి, ఎండగా ఉందని ఒకసారి. రెండుసార్లూ తల ఎత్తింది.

ఒకటి మాత్రం వింతగా అనిపించింది. చొక్కా గుండీల కోసం నేను డబ్బా ఊపి వెతికినప్పుడల్లా ఆమె భుజం ఎగరేసి, మెడ పక్కకి వంచేది. చెవిపోటేమో, సాయంత్రం అడగాలి అనుకున్నాను.

పదకొండు గంటలకి వాచీలాయన వచ్చాడు. టీలు బల్ల మీద, డబ్బా పక్కనే పెట్టాడు. మైకేది వదినా అని చేత్తో కాలరు చూపించాడు. ఆమె రెండు చేతులూ తిప్పి, లేదంది. ఆయన స్టూలు లాక్కుని బల్ల దగ్గర కూర్చుని, అయితే అన్నయ్యా నువ్వే చెప్పాలి అని మొదలుపెట్టాడు.

ఆదివారం పెద్ద హాల్లో నాటకం ఉందట. ఆ హాల్లో కొత్తగా నేల కింద చుట్టూ వైరు పరిచారట. చెవి మిషన్లు పెట్టుకున్నవాళ్ళు మిషను మీద మీట నొక్కి కూర్చుంటే చాలు, వేదిక మీద మాట నేరుగా చెవిలోకి వస్తుందట, మైకుతో కూడా పని లేదట. ఆ హాలు గడియారం బాగుచేసినందుకు వాళ్ళు ఈయనకు టికెట్లు ఇచ్చారట. జేబులోంచి రెండు టికెట్లు తీసి బల్ల మీద పెట్టాడు.

రెండు. ఆయన ఒకటి, ఆమె ఒకటి. పక్కపక్క కుర్చీలు. నాకు హాలంతా కళ్ళకు కట్టింది. ఆయన ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాడు, నేను స్కేలు తీసుకుని గట్టిగా రెండు దెబ్బలు వేశాను. ఆమె తల ఎత్తింది.

"చొక్కా గుండీ ఊడిందట," అన్నాను, పెదవులు బాగా కదిపి.

ఆమె నా నోటికేసే చూస్తూ ఉంది. "ఇంకేమన్నారు?"

"అంతే."

"అలాగా. అయితే చొక్కా విప్పి ఇమ్మనండి, ఇప్పుడే కుట్టేస్తాను."

వాచీలాయన తన చొక్కా కేసి చూసుకున్నాడు. పైనుంచి కిందిదాకా ఒక్కొక్క గుండీ పట్టుకుని చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. నాకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. గోడ గడియారం తప్పు గంటలు కొడితే చూసినట్టు చూశాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి మాట మధ్యలో వదిలేసి, టీ తాగి వెళ్ళిపోయాడు. టికెట్లు నేను కొలతల పుస్తకంలో పెట్టి మూసేశాను.

సాయంత్రం కొట్టు మూసే వేళ ఆమె మిషను మీద గుడ్డ కప్పి బల్ల దగ్గరికి వచ్చింది. గుండీల డబ్బా దగ్గరికి లాక్కుంది. మూత తీసి, వేళ్ళు లోపలికి పెట్టి, వెతకనైనా వెతక్కుండా మైకు పైకి తీసింది. దాని మీద చిన్న పచ్చదీపం ఉండి ఉండి మెరుస్తోంది.

"ఎర్రగా ఉంటే దీని నోరు మూసినట్టు," అంది. "నొక్కితే తెరుచుకుంటుంది. మీరు నోరు తెరిపించి డబ్బాలో పెట్టారు. నేను కుళాయి దగ్గర ఉన్నాను. చెవుల్లో వడగళ్ళు పడ్డాయి."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అప్పుడే అడగొచ్చుగా," అన్నాను.

"అడిగాను. తల ఊపారు." మైకు వెనక ఇరుక్కున్న చిన్న గుండీ గోటితో తీసి డబ్బాలో వేసింది. "సరే, ఏం చేస్తారో చూద్దామని కూర్చున్నాను. యూనిఫాం ఆవిడ జేబుల మాట ఒక్కటే అనలేదు. కిందటేడు నేను పెద్దాడికి కుట్టినవి తమ్ముడికి కూడా వచ్చాయని, ఒక్క కుట్టు ఊడలేదని చెప్పింది. మీరు జేబులన్నారు. వాచీలాయన రెండు టికెట్లు తెచ్చాడు. మీరు గుండీ అన్నారు."

"రెండు తెచ్చాడుగా మరి. నీకూ తనకీ."

"మీకూ నాకూ. 'అన్నయ్యా, నువ్వూ వదినా వెళ్ళిరండి, ఆదివారం మా ఆవిడ నన్ను కదలనివ్వదు' అన్నాడు. అప్పుడు మీరు బల్ల కొడుతున్నారు. వినలేదో, వినపడలేదో."

వీధిలో ఎవరో కొట్టు తలుపు కిందికి లాగారు. ఆమె మైకు గట్టిగా పట్టుకుని ఉంది. కోపంగా ఉంటే ఆమె గొంతు పెరగదు, తగ్గుతుంది.

"ఎన్ని గుండీలు ఊడదీశారండీ, ఇన్నేళ్ళలో?"

చెప్పడానికి నా దగ్గర లెక్క లేదు. డబ్బా మూత పెడుతూ గొణిగాను.

"నువ్వు తల ఎత్తడం మానేశావు."

ఆమె విన్నది. నేను గొణిగినా మైకు ఆమె చేతిలో మా ఇద్దరి మధ్యా ఉంది, వినక తప్పదు. నాకేసి చూసింది. "ఎత్తితే ఏముంది అక్కడ?" అంది. "మొదటి రోజు మీకే పెట్టాం దీన్ని. ఎంతసేపు కూర్చున్నానో చూశారా? ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. కత్తెర వినిపించారు."

కొలతల పుస్తకం తెరిచి టికెట్లు తీసి ఆమె ముందు పెట్టాను. తీసుకుంది. ఆ వారమంతా మాటలు లేవు. మాకది పెద్ద తేడా కాదు, కానీ ఈసారి ఊరుకున్నది ఆమె. మైకు రోజూ బల్ల మీదే ఉంది. వాచీలాయన రోజూ వచ్చాడు. కాలరుకి ఆయన తనే పెట్టుకున్నాడు, పోయేటప్పుడు గుర్తుపెట్టుకుని తీసి నా చేతికిచ్చాడు. పాపం ఆయనకు గుండీ సంగతి ఇప్పటికీ తెలీదు.

ఆదివారం నాటకానికి వెళ్ళాం. గుమ్మం దాటబోతుంటే ఆగమని, నా మెడ వెనక మడత పడ్డ కాలరు లాగి సరిచేసింది. కుట్టిన చెయ్యి కనక ఊరుకోలేకపోయి ఉంటుంది.

హాలు చాలా పెద్దది, కప్పు ఎక్కడో ఉంది. మా కుర్చీలు వెనక వరుసలో ఉన్నాయి. ఆమె చెవి మిషను మీది మీట నొక్కి కూర్చుంది. తెర లేచింది. లావుపాటి నటుడొకడు వచ్చి చేతులు తిప్పుతూ మాట్లాడడం మొదలుపెట్టాడు. మాట కప్పుకి తగిలి, గోడలకి తగిలి, ఫ్యాన్లలో పడి నా దగ్గరికి వచ్చేసరికి పీలికల మూటైంది. ఏ గుడ్డ ఏదో తెలీలేదు. ముందు వరుసలవాళ్ళు నవ్వారు. మా ఆవిడ వాళ్ళతో పాటే నవ్వింది, ఒక్క క్షణం కూడా వెనకపడలేదు. నటుడు ఇంకా చెప్తూనే ఉన్నాడు. హాలంతా నవ్వుతోంది. నేను చుట్టూ చూశాను. ఆ నటుడి మీద మండింది, ముందు వరుసలవాళ్ళ మీద మండింది, నేల కింద వైరు మీద కూడా మండింది.

ఆగలేక చెప్పు మడమతో నేల మీద రెండు దెబ్బలు వేశాను. ఆమె పాదానికి తెలిసింది. నావైపు తిరిగింది.

"ఏమన్నాడు?" అన్నాను.

నా నోటికేసి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"గొడుగు పోయిందట."

వేదిక మీద అతను అంతసేపూ చెప్పింది గొడుగు సంగతి ఒక్కటే అయ్యుండదు. ఆమె భుజాలు ఇంకా అదురుతూనే ఉన్నాయి.

"ఇంకేమన్నాడు?"

"అంతే," అని మళ్ళీ వేదికకేసి తిరిగింది.

నాటకం అయ్యేదాకా నేను వేదికకేసి చూడలేదు. ఆమె నోటికేసి చూస్తూ కూర్చున్నాను.